పండగ దేగులో ఎవరి వాటా ఎంత

ఆఫ్రికా నుంచి కొందరు బలవంతాన, కొందరు బతుకుతెరువు కోసం సముద్రం దాటారు. వాళ్ల సంతతి ఇవాళ బ్రెజిల్‌లో ఉంది, హైతీలో ఉంది, అమెరికాలో, యెమెన్‌లో, గుజరాత్‌లో, కర్ణాటక అడవుల్లో, మన హైదరాబాదులో ఉంది. భాషలు మారాయి, మతాలు మారాయి, పేర్లూ మారాయి. ఇంత చెదిరిన జనాన్ని కలిపి చూపించేవి ఏమిటని అడిగితే పరిశోధకులు ముందుగా రెండు చెబుతారు: ఒకటి దరువు, రెండోది పండగ వంట. దరువు గురించి రాసినవాళ్లు చాలామందే ఉన్నారు. పండగ వంట మీదా గత పాతికేళ్లలో మంచి పుస్తకాలు వచ్చాయి. అయితే వాటిలో చాలావరకు అట్లాంటిక్ సముద్రం చుట్టూ తిరిగేవే. హిందూ మహాసముద్రం వైపు చూసినవి తక్కువ, దక్కను దాకా వచ్చినవి మరీ తక్కువ. వండే వంటకాలు వేరైనా ఈ జనం పండగ పొయ్యి దగ్గర పాటించే విలువలు ఒకటేనా, ఒకటే అయితే అవి ఎక్కడి నుంచి వచ్చాయి అన్నది ప్రశ్న. దీన్ని అఫ్జల్‌గంజ్‌లో నిలబడి చూస్తే పుస్తకాల్లో కనిపించనివి కొన్ని కనిపిస్తాయి.

అఫ్జల్‌గంజ్ పుట్టిందే గింజల కోసం. అయిదో నిజాం అఫ్జలుద్దౌలా ధాన్యం వర్తకులకు ఇక్కడ జాగా ఇచ్చాడు, ఆయన పేరే బజారుకు నిలిచింది. మూసీ ఒడ్డున ఈ గంజ్, దాన్ని ఆనుకుని ఉస్మాన్‌గంజ్, బేగంబజార్. కందిపప్పు నుంచి ఖర్జూరం దాకా, యాలకుల నుంచి పెళ్లి దావత్‌కు సరిపోయే దేగుల దాకా జంటనగరాల వంటిళ్లకు కావలసిన సరుకంతా ఇక్కడే టోకున దొరుకుతుంది. వీటి నడుమనే సిద్దిఅంబర్ బజార్ ఉంది. రోజూ వేలమంది ఆ పేరు బోర్డుల మీద చదువుతూ పోతారు. సిద్ది అంటే దక్కనులో ఆఫ్రికా సంతతివాడు. అంబర్ అన్నది ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలకు యజమానులు తరచుగా పెట్టిన పేరు. హార్న్ ఆఫ్ ఆఫ్రికాలో పుట్టి, చేతులు మారి మారి అమ్ముడుపోయి, చివరికి అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపి, 1610లో తర్వాతి కాలపు ఔరంగాబాదుకు పునాది వేసిన మాలిక్ అంబర్‌ది కూడా ఇదే పేరు. మన బజారు అంబర్ వేరే మనిషి. కానీ ధాన్యం గంజ్ పక్కన ఒక ఆఫ్రికా మనిషి పేరు నిలిచి ఉండడం చిన్న సంగతి కాదు.

నాంపల్లి దాటి మాసబ్‌ట్యాంక్ వైపు వెళ్తే ఏసీ గార్డ్స్ వస్తుంది. ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ, అంటే ఆఫ్రికా అశ్వికదళం. పందొమ్మిదో శతాబ్దంలో వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు ఆఫ్రికా సంతతి సిపాయిలతో ఒక దళం పెట్టుకున్నాడు. అది తర్వాత నిజాం కొలువులో చేరింది. నిజాం సవారీకి ముందూ వెనకా నడిచే అంగరక్షకులు వాళ్లే. పోలీసు చర్య తర్వాత 1951లో ఆ దళం రద్దయింది. గుర్రాలు పోయాయి, జీతాలు పోయాయి, లైన్లలోని ఇళ్లు మాత్రం మిగిలాయి. ఒకప్పటి సిపాయిల పిల్లలు చిన్నచిన్న కొలువుల్లో, మెకానిక్ పనుల్లో చేరారు. కొందరు మర్ఫా బృందాలు పెట్టి పెళ్లిళ్లకు వాయించారు. ఇవాళ మన బరాత్‌లలో, గణేశ్ నిమజ్జనంలో, బోనాల ఊరేగింపులో యువత చిందేసే తీన్‌మార్ దరువుకు వెనక ఆ మర్ఫా ఉంది.

వీళ్ల మీద వచ్చిన పని తక్కువే అయినా విలువైనది. ఇథియోపియాకు చెందిన అబాబు మిందా యిమెనె హైదరాబాదు సిద్దీల గుర్తింపు మీద ఇంగ్లిష్‌లో రాసిన పుస్తకం 2004లో అచ్చయింది. అదే ఏడు ఏమీ కాట్లిన్-జైరజ్‌భోయ్, ఎడ్వర్డ్ ఆల్పర్స్ సంపాదకత్వంలో సిద్దీల గురించి వ్యాస సంకలనం వచ్చింది. 2006లో కెన్నెత్ రాబిన్స్, జాన్ మెక్లియాడ్ కలిసి భారతదేశంలోని ఆఫ్రికా మూలాల ప్రభువర్గాల మీద పెద్ద గ్రంథం తెచ్చారు. 2013లో న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ వాళ్ల షోంబర్గ్ సెంటర్ ఇదే విషయం మీద ప్రదర్శన పెట్టింది. ఇవన్నీ చదివాక నాకు మిగిలిన అసంతృప్తి ఒక్కటే. సేనాపతుల గురించి తెలుస్తుంది, దర్గాల గురించి, డోలు గురించి తెలుస్తుంది. పండగనాడు ఆ ఇళ్లలో పొయ్యి ఎవరు రాజేస్తారు, దేగు ఎంత పెడతారు, మొదటి గిన్నె ఎవరికి పోతుంది అన్నది ఎక్కడో ఒక వాక్యంలో దొర్లిపోతుంది.

అట్లాంటిక్ వైపు ఇంత కరువు లేదు. అక్కడ అన్నిటికన్నా ఎక్కువ చర్చకు వచ్చిన పండగ క్వాంజా. 1965లో లాస్ ఏంజిలిస్ వాట్స్ పేటలో జరిగిన తిరుగుబాటు తర్వాత, 1966లో మౌలానా కరెంగా దీన్ని మొదలుపెట్టాడు. డిసెంబరు 26 నుంచి జనవరి 1 దాకా ఏడు రోజులు, రోజుకొక విలువ: ఐక్యత, స్వనిర్ణయం, ఉమ్మడి బాధ్యత, ఉమ్మడి ఆర్థికం, లక్ష్యం, సృజన, విశ్వాసం. పేర్లన్నీ స్వాహిలీ భాషలోవి. చాప పరిచి, దాని మీద పంటలు, ఇంట్లో పిల్లల లెక్కన మొక్కజొన్న కంకులు, ఏడు కొవ్వొత్తుల దీపస్తంభం, ఒకే ఉమ్మడి పాత్ర పెడతారు. డిసెంబరు 31 రాత్రి కరాము విందు. ఆ ఉమ్మడి పాత్రలోంచి ముందు పెద్దలకు, అంటే గతించినవాళ్లకు, ధార పోసి తర్వాత అందరూ తాగుతారు. ఆ విందుకు నిర్ణీత వంటకం లేదు. ఎవరింట్లో వండింది వాళ్లు తెస్తారు, ఒకచోట పెట్టుకుని తింటారు.

క్వాంజాను ఒక మనిషి కూర్చుని తయారుచేశాడు కాబట్టి అది అసలైన పండగ కాదన్న విమర్శ ఉంది. ఆ మనిషి వ్యక్తిగత చరిత్ర మీద, 1971లో అతనికి పడిన శిక్ష మీద విమర్శ ఇంకా గట్టిది, అది న్యాయమైనది కూడా. కానీ మొదటి విమర్శ నిలవదు. ప్రతి పండగనూ ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు మొదలుపెట్టినవాళ్లే, తేదీ మరిచిపోయేంత పాతబడ్డాక అది సంప్రదాయం అవుతుంది. క్వాంజాలో నాకు ముఖ్యమనిపించేది వేరే ఉంది. వంటకాన్ని నిర్ణయించకుండా విలువలను మాత్రమే నిర్ణయించిన పండగ అది. చెదిరిపోయిన జనానికి ఒకే కూర ఉండదని, ఒకే పద్ధతి మాత్రం ఉండగలదని దాన్ని మొదలుపెట్టినవాళ్లు గ్రహించారు.

వంటకమే చరిత్ర అయిన సందర్భం హైతీ. అక్కడ ఫ్రెంచి తోటల యజమానులు గుమ్మడితో చేసిన సూపు తాగేవాళ్లు. దాన్ని వండిన బానిసలకు తాగే హక్కు లేదు. 1804 జనవరి 1న హైతీ స్వతంత్రమైంది. అప్పటి నుంచి ప్రతి జనవరి 1న అక్కడ ఇంటింటా ఆ సూపే కాస్తారు, ఇరుగుపొరుగుకు పంచుతారు. ప్రపంచంలో ఏ మూల ఉన్న హైతీ కుటుంబమైనా ఆ రోజు ఆ సూపు లేకుండా గడపదు. 2021లో యునెస్కో దాన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. వండినవాడికి దక్కని వాటాను తిరిగి తీసుకున్న రోజు కాబట్టే అది వాళ్లకు పండగ. ఈ మొత్తం ప్రశ్నకు ఇంతకన్నా సూటి జవాబు నాకు ఇంకెక్కడా కనిపించలేదు.

అమెరికా దక్షిణాన కొత్త సంవత్సరం నాడు బొబ్బర్లూ బియ్యం కలిపి వండే హాపిన్ జాన్ ఇంకో దారి చూపిస్తుంది. దాని వంట విధానాన్ని మొదట అచ్చువేసినవాటిలో ఒకటి 1847 నాటి ఒక చార్లెస్టన్ వంటల పుస్తకం. రాసింది తోటల యజమానుల వర్గానికి చెందిన సారా రట్లెడ్జ్. ఆ ఇళ్లలో నిజంగా వండినవాళ్ల పేర్లు పుస్తకంలో లేవు. జెస్సికా హారిస్, జుడిత్ కార్నీ, మైకేల్ ట్విట్టీ వంటివాళ్లు చేసిన పని ఈ లోటును పూడ్చడమే. పశ్చిమాఫ్రికా రైతుల వరి పరిజ్ఞానమే కరొలైనా పొలాలను నిలబెట్టిందని కార్నీ 2001లో వాదించింది. ఆ వాదం ఎంతదాకా చెల్లుతుందన్నదాని మీద చరిత్రకారులు ఇంకా తర్కించుకుంటున్నారు. కానీ వంటిల్లు కూడా చరిత్ర ఆధారమేనని వీళ్లు ఒప్పించారు, అది పెద్ద విజయం.

ఆ బొబ్బర్ల దగ్గర కొంచెం ఆగాలి. బొబ్బర్లు పశ్చిమాఫ్రికాలో మచ్చికైన పంట. నైజీరియాలో యోరుబా స్త్రీలు వాటిని నానబెట్టి, చేతులతో పులిమి పొట్టు తీసి, రుబ్బి, పిండిని గుల్లగా వచ్చేదాకా గిలకొట్టి, నూనెలో వేయించి అకరా చేస్తారు. ఆ పద్ధతి బానిస ఓడల్లో బ్రెజిల్‌లోని బహియాకు చేరి అకరజే అయింది. అక్కడ తెల్లబట్టలు కట్టుకున్న బయానా స్త్రీలు వీధి మూల కూర్చుని ఎర్రని తాటిజాతి నూనెలో వాటిని వేయిస్తారు. ఒరిషా దేవతలకు నైవేద్యంగా పెట్టేవీ అవే. బానిసత్వపు రోజుల్లో స్త్రీలు ఇవి అమ్మి కూడబెట్టిన డబ్బుతో విముక్తి కొనుక్కున్న సందర్భాలు ఉన్నాయి. 2005లో బ్రెజిల్ ప్రభుత్వం ఆ స్త్రీల వృత్తినే జాతీయ వారసత్వంగా నమోదు చేసింది. వంటకం బదులు వండే మనుషుల పనిని గౌరవించిన ఆ నిర్ణయం నాకు ఎంతో నచ్చింది.

ఇక మన ఇళ్లకు రండి. తెలంగాణలో పండగకు బొబ్బర గారెలు, రాయలసీమలో అలసంద వడలు. నానబెట్టడం, పొట్టు పులమడం, గట్టిగా రుబ్బడం, నూనెలో వేయడం, పండగ పూట ముందు దేవుడికి పెట్టడం. చేసే తీరు దాదాపు అదే. ఇందులో బానిసత్వపు కథ లేదు. పురావృక్ష శాస్త్రజ్ఞుల లెక్క ప్రకారం బొబ్బర్లు, జొన్న, సజ్జ, రాగి ఆఫ్రికాలో మచ్చికై, క్రీస్తుకు పూర్వం రెండో సహస్రాబ్దిలోనే భారతదేశానికి చేరాయి. గారె మనకు మనమే నేర్చుకున్నదై ఉండవచ్చు, ఒకే గింజ రెండు చోట్లా చేతులకు ఒకే పని నేర్పి ఉండవచ్చు. అందుకే ఈ పోలికను పట్టుకుని ఆఫ్రికా వంట మనకు వచ్చిందనడం తొందరపాటు. గింజ వచ్చిందన్నది మాత్రం స్థిరమైన మాట. అఫ్జల్‌గంజ్ ధాన్యం కొట్లలో జొన్న, సజ్జ, రాగి, బొబ్బర్లు అన్నీ ఆ ఖండం నుంచి వచ్చిన గింజల వారసులే. తెలంగాణ పల్లె శతాబ్దాలుగా కడుపు నింపుకున్నది జొన్నరొట్టెతో, జొన్న గటకతో, అంబలితో. ఆఫ్రికా మనకు దూరం అనుకునే ముందు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి.

ఉస్మానియా దవాఖానా ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి అఫ్జల్‌గంజ్‌ను ముంచెత్తినప్పుడు సుమారు 150 మంది ఆ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. చింత కూడా మూలాన ఆఫ్రికా ఉష్ణమండలపు చెట్టేనని వృక్షశాస్త్రజ్ఞుల అభిప్రాయం. అది లేని పులుసును, పచ్చిపులుసును, పులిహోరను తెలుగువాళ్లు ఊహించలేరు.

పుంటికూర సంగతి ఇంకా దగ్గరిది. హైదరాబాదు ముస్లిం ఇళ్లలో దాన్ని అంబాడా అంటారు, మాంసంలో వేసి వండితే దావత్ కూర అవుతుంది. ఆంధ్రలో గోంగూర పచ్చడి లేకుండా పెళ్లి విస్తరి లేవదు. ఈ మొక్కకు కూడా ఆఫ్రికాయే పుట్టిల్లని ఎక్కువమంది శాస్త్రజ్ఞులు చెబుతారు. మనం ఆకు తింటే, ఆఫ్రికా సంతతి చాలాచోట్ల ఎర్రని కాయల పైదళాలను మరిగించి తాగుతుంది. సుడాన్‌లో రంజాన్ ఇఫ్తార్‌కు అదే కర్కదే. సెనెగల్‌లో అదే బిస్సాప్. జమైకాలో క్రిస్మస్‌కు అల్లం వేసి కాచే సారెల్ కూడా అదే. అమెరికాలో బానిసత్వం ముగిసిన వార్త టెక్సస్‌కు చేరిన 1865 జూన్ 19ని జ్ఞాపకం చేసుకునే జూన్‌టీన్త్ పండగకు ఎర్రని పానీయం తప్పనిసరి. ఆ ఎరుపు ఈ మొక్క నుంచే వచ్చిన జ్ఞాపకమని ఆహార చరిత్రకారులు కొందరు అంటారు. ఆ ఎర్రని పానీయం ఇస్లాం ఇఫ్తార్‌లో ఉంది, క్రైస్తవ క్రిస్మస్‌లో ఉంది, మతంతో పనిలేని విముక్తి దినంలోనూ ఉంది. పండగ ఏదైనా చేతికి అందిన గ్లాసులో రంగు ఒకటే. పద్ధతి కూడా ఒకటే: పెద్ద గిన్నెలో ముందురోజే కాచి ఉంచుతారు, ఇంటికి వచ్చినవాళ్లెవరైనా తాగాల్సిందే.

హిందూ మహాసముద్రం వైపు అసలు సాక్షి హలీం. గోధుమా మాంసమూ కలిపి గంటల తరబడి ఉడికించి మెదిపే హరీస్ అరబ్బుల పాత వంట. పదో శతాబ్దపు బాగ్దాదు వంటల గ్రంథంలోనే అది ఉంది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరిన చావుష్‌లు దాన్ని హైదరాబాదుకు తెచ్చారు. వాళ్ల బ్యారక్‌లే ఇవాళ్టి బార్కస్. ఏడో నిజాం కాలంలో సుల్తాన్ సైఫ్ నవాజ్ జంగ్ తన విందుల్లో దానికి పేరు తెచ్చాడంటారు. 2010లో హైదరాబాదీ హలీంకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇదంతా చాలామందికి తెలిసిన కథ. అంతగా తెలియనిది ఇంకొకటి ఉంది. అదే హద్రమౌత్ నుంచి వర్తకులు తూర్పు ఆఫ్రికా తీరానికి కూడా వెళ్లారు. జాంజిబార్‌లో, మొంబాసాలో ఈద్‌కు, పెళ్లిళ్లకు వండే బోకోబోకో కూడా ఆ గోధుమ, మాంసమే. పక్కన పిలావు, బిర్యానీ ఉంటాయి. అంటే హద్రమౌత్ నుంచి బయలుదేరిన ఒకే దేగు ఒకవైపు స్వాహిలీ తీరానికి, ఇంకోవైపు మూసీ ఒడ్డుకు చేరింది. ఆ తీరం నుంచి అమ్ముడై, అరబ్బు నౌకల్లో ఎక్కి, దక్కను చేరినవాళ్ల మనవలు ఏసీ గార్డ్స్‌లో రంజాన్ సాయంత్రం హలీం గిన్నె ముందు కూర్చుంటే, వాళ్లు తినేది పరాయి వంట అనగలమా?

హైదరాబాదు సిద్దీలకు తమదంటూ ప్రత్యేకమైన పండగ వంట లేదని, కాబట్టి ఆహారం విషయంలో వాళ్లు పూర్తిగా ఈ ఊళ్లో కలిసిపోయారని అనే మాట నేను విన్నాను. ఈ తీర్పు సగం కన్ను మూసుకుని ఇచ్చినది. రంజాన్‌కు హలీం, ఈద్‌కు షీర్ ఖుర్మా, బక్రీద్‌కు కుర్బానీ మాంసం, మొహర్రంకు నాంపల్లి బేకరీల్లో క్యూ కట్టి తెచ్చుకునే దమ్ కే రోట్: ఇవి ఊరంతటివీ. మరి వీటిని చేసే చేతుల్లో ఆఫ్రికా సంతతి చేయి లేదని ఎలా తేల్చారు? హలీం చరిత్రలో నవాబు పేరు ఉంది, భట్టీ దగ్గర చెమటలు కారుస్తూ ఘోట్నా పట్టి మెదిపినవాళ్ల పేరు ఒక్కటీ లేదు. చార్లెస్టన్ వంటల పుస్తకంలో జరిగిందే ఇక్కడా జరిగింది. వడ్డించమన్నవాడి పేరు నిలిచింది, వండినవాడిది పోయింది. నిజాం కాలపు డ్యోడీలలో, ఫౌజు లైన్లలో పొయ్యి దగ్గర ఎవరున్నారో రాసి పెట్టి ఉంటే ఇవాళ కథ వేరేగా ఉండేది.

వంటకాన్ని పక్కనపెట్టి వాటా వైపు చూస్తే బొమ్మ స్పష్టమవుతుంది. బక్రీద్ మాంసాన్ని ఆనవాయితీగా మూడు హిస్సాలు చేస్తారు: ఒకటి ఇంటికి, ఒకటి బంధుమిత్రులకు, ఒకటి లేనివాళ్లకు. ఈద్ నమాజుకు ముందే ప్రతి తలకూ ఇంత గోధుమ లెక్కన ఫిత్రా ఇచ్చెయ్యాలి. ఆ లెక్కలో ఇంట్లోని పసిబిడ్డ తల కూడా ఉంటుంది. పుచ్చుకునేవాడికి అది దయ కింద వచ్చేది కాదు, వాడికి చెందిన భాగం. అఫ్జల్‌గంజ్ కొట్లలో రంజాన్ ఆఖరి వారం గోధుమ, సేమియా, ఖర్జూరం సంచులు వరసగా లేచిపోతాయి. వాటిలో చాలా సంచులు కొన్నవాళ్ల ఇంటికి పోవు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, రావాల్సిందే. ఇదంతా ఇస్లాం విలువ కదా, ఆఫ్రికాకు ఏం సంబంధం? దీనికి జవాబు ఉత్తర కన్నడ జిల్లాలో ఉంది. యల్లాపూర్, హళియాళ, ముండగోడ్ అడవి పల్లెల సిద్దీలలో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు ముగ్గురూ ఉన్నారు. గుడికి పోయేవాళ్లు, మసీదుకు పోయేవాళ్లు, చర్చికి పోయేవాళ్లు ఒకే డమామి దరువుకు ఆడతారు, చుట్టరికాలు కలుపుకుంటారు. హిరియరు అని పిలుచుకునే గతించిన పెద్దలను తలుచుకుని వాళ్లకు పెట్టాకే తినడం అక్కడి ఆచారం. కరాము విందులో పెద్దలకు పోసే ధారకూ దీనికీ వేల కిలోమీటర్ల దూరం. మన పెత్తర అమాసకు మాత్రం ఇది పొరుగుదే. మతాలు మూడు, విలువ ఒకటి. చేతికి ఏ మతం అందితే ఆ మతంలోని పంచుకునే సూత్రాన్ని ఈ జనం గట్టిగా పట్టుకున్నారనుకోవడమే సబబు.

ఇంకో అభ్యంతరం ఇంతకన్నా బలమైనది: పంచుకుని తినడం ఏ జాతిలో లేదు? అతిథికి పెట్టకుండా తినేవాళ్లు ఎక్కడున్నారు? నిజమే, అన్నదానం మనకూ కొత్త కాదు. ఆఫ్రికా సంతతి విషయంలో తేడా ఆ పంపకం వెనక ఉన్న అనుభవంలో ఉంది. వీళ్ల పూర్వీకులను సంతలో సరుకుగా లెక్కపెట్టారు. కుటుంబాన్ని ముక్కలు చేసి అమ్మారు. తాము వండినదాన్ని తాము తినకుండా చేశారు. అలాంటి జనం పండగనాడు కుండ చుట్టూ కూర్చుని తలలు లెక్కపెట్టి, ఒక్క తల కూడా తప్పిపోకుండా వాటా వేస్తే, ఆ లెక్కకు వేరే బరువు ఉంటుంది. రక్తసంబంధం తెగిపోయినచోట ఒకే కుండలో తిన్నవాళ్లే బంధువులయ్యారు. హైతీ సూపు, బహియా అకరజే, ఉత్తర కన్నడ హిరియరు పూజ, ఏసీ గార్డ్స్ ఈద్ హిస్సా ఒకే వరుసలో నిలబడేది ఇక్కడే.

హైదరాబాదుకు ఇప్పుడు కొత్త ఆఫ్రికా కూడా వచ్చింది. సుడాన్, సోమాలియా, నైజీరియా, కెన్యా, ఇథియోపియాల నుంచి ఐసీసీఆర్ స్కాలర్‌షిప్‌ల మీదా సొంత ఖర్చు మీదా విద్యార్థులు ఉస్మానియాకు, ఇఫ్లూకు వస్తున్నారు. విశాఖ ఆంధ్రా విశ్వవిద్యాలయంలో ఇథియోపియా పరిశోధకులు ఏళ్లుగా ఉన్నారు. టోలిచౌకిలో వాళ్ల కోసం హోటళ్లు కూడా వెలిశాయి. వీళ్లకు ఇల్లు అద్దెకు దొరకడం ఇవాళ్టికీ కష్టమే. వంట వాసన నుంచి ఒంటి రంగు దాకా ఏదో ఒక వంక చెప్పి తలుపు వేసేవాళ్లు తక్కువేం కాదు, అది మనం సిగ్గుపడాల్సిన విషయం. సుడాన్‌లో రంజాన్‌కు ముందు వాడకట్టు స్త్రీలంతా ఒకచోట చేరి, మొలకెత్తిన జొన్నను ఎండబెట్టి విసిరి, మసాలాలు కలిపి, పెనం మీద పలచని రేకులుగా కాలుస్తారు. వాటిని నీళ్లలో నానేస్తే ఇఫ్తార్‌కు హిలుముర్ తయారు. ఇథియోపియా ఆర్థడాక్స్ క్రైస్తవులు నలభై రోజులకు పైగా ఉపవాసం ఉండి జనవరి 7న గెన్నా పండగ చేసుకుంటారు. అందరూ ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని ఇంజెరా తింటారు. మొదటి ముద్ద కలిపి పక్కవాళ్ల నోట్లో పెడతారు, దానికి గుర్షా అని పేరు. పిల్లలకు గోరుముద్దలు పెట్టి పెంచిన తెలుగు తల్లి ఆ పళ్లెం దగ్గర కూర్చుంటే ఏమీ వివరించి చెప్పనక్కర్లేదు.

ఆఫ్రికా సంతతి ఆహారం మీద వచ్చిన మేలైన పనికి అట్లాంటిక్ ఎల్ల అయిపోయింది. ఆ ఎల్ల దాటకపోతే కథ సగమే. అక్కడ ఓడ, తోట, విముక్తి అన్న క్రమం స్పష్టంగా ఉంది. ఇక్కడ బానిస సిపాయి అయ్యాడు, సిపాయి అంగరక్షకుడయ్యాడు, కొన్నిచోట్ల రాజ్యమే ఏలాడు, చివరికి ఒక వాడకట్టులో మిగిలాడు. క్రమం వేరు కాబట్టి వంటలోని జాడ కూడా వేరుగా ఉంటుంది. ప్రత్యేక వంటకం కోసం వెతికితే హైదరాబాదులో ఏమీ దొరకదు. ఎవరి చేయి, ఎవరి వాటా అని వెతికితే చాలా దొరుకుతుంది. ఐక్యరాజ్యసమితి 2015 నుంచి 2024 దాకా ఆఫ్రికా సంతతి దశాబ్దాన్ని జరిపింది, 2025 నుంచి రెండోది నడుస్తోంది. కర్ణాటకలో సిద్దీలకు 2003లో ఎస్టీ హోదా వచ్చింది. తెలంగాణ జాబితాలో సిద్దీలు లేరు. మన పాఠ్యపుస్తకాల్లో వాళ్ల ఊసే లేదు.

మూసీ ఒడ్డున, అదే అఫ్జల్‌గంజ్‌లో, 1891లో ఆసఫియాగా మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది. ఉర్దూ, ఫారసీ, తెలుగు పాత గ్రంథాలు కాపాడిన చోటు అది. ఏసీ గార్డ్స్ లైన్లలో ఎనభై దాటిన పెద్దమ్మలు, నానీలు ఇంకా కొందరు ఉన్నారు. 1951కి ముందు ఆ లైన్లలో ఈద్ ఎలా జరిగిందో చూసిన కళ్లు వాళ్లవే. దేగు కింద ఎవరు మంట పెట్టేవాళ్లు, ఎంతమందికి వండేవాళ్లు, ఏ పాట పాడుకునేవాళ్లు, ఏ మాట నానమ్మ నోట ఆఫ్రికా నుంచి వచ్చిందని చెప్పుకునేవాళ్లు: ఇవన్నీ వాళ్ల గొంతుల్లోనే రికార్డు చేసి, తెలుగులో, ఉర్దూలో రాసి, ఆ గ్రంథాలయంలో పెట్టాలి. విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు, సాంస్కృతిక శాఖ కలిస్తే ఇది ఒక్క ఏడాది పని. పెద్ద ఖర్చు కూడా కాదు. వచ్చే రంజాన్‌లోపు మొదలుపెట్టండి.